తెర మీద 300 మీటర్ల దగ్గర దట్టమైన పొర, వలలో మాత్రం 23 లాంతరు చేపలు. తప్పెక్కడ?

నీలిబార
ఒక ట్రాల్ (ఓడ వెనక లాగే వల) లెక్క తేలట్లేదు, చూసి చెప్పండి. చోటు అరేబియా సముద్రం, షెల్ఫ్ (తీరం పక్క లోతు తక్కువ నేల) అంచు దాటాక వాలు మీద, అడుగు 900 మీటర్లు. టైము పగలు 11. శబ్దం పంపి ప్రతిధ్వనిని తెర మీద చూపే 38 కిలోహెర్ట్జ్ సౌండర్లో 260 నుంచి 330 మీటర్ల వరకు ఎర్రటి పొర, ఇదే సముద్రం అడుగేమో అన్నంత గట్టిగా. వల ఐజాక్స్-కిడ్, నోరు 2.5 చదరపు మీటర్లు. వైరు 700 మీటర్లు వదిలాం, నిలువు నుంచి కోణం 60 డిగ్రీలు, 3 నాట్ల మీద 30 నిమిషాలు లాగాం. పైకొచ్చినవి మొత్తం 23 చేపలు. 14 బెంథోసీమా టెరోటమ్ అనుకుంటున్నా, 5 డయాఫస్ లాంటివి, 4 చర్మం ఊడిపోయి ఏమిటో తెలియనివి. మిగతాదంతా జెల్లీ, కాసిని ఎర్ర రొయ్యలు. ఈ టెరోటమ్ అరేబియా సముద్రంలో కోట్ల టన్నులుందని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. మరి వలదా తప్పు, సౌండర్దా, చేపదా?

మధ్యజలం
ముందు ఒకటి చెప్పండి. వల నిజంగా ఆ పొరలోనే ఉందని ఎలా తెలుసు? వల ఫ్రేముకి లోతు రికార్డర్ కట్టారా, లేక వైరు, కోణం లెక్కేనా?

నీలిబార
లెక్కే. 700 మీటర్లలో సగం 350. వైరు కాస్త వంగుతుంది కాబట్టి 300 చుట్టుపక్కల ఉంటుందని.

మధ్యజలం
అదిగో. కప్పి దగ్గర కొలిచిన కోణం కప్పి దగ్గరదే. కింద వైరు బరువు ఒకలా లాగుతుంది, నీటి ఒరిపిడి ఒకలా నెడుతుంది, వల ముందున్న డిప్రెసర్ రెక్క ఇంకోలా కిందికి లాగుతుంది. పైనా కిందా ప్రవాహాలు వేరే దిక్కుల్లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఓడ వేగం అర నాటు మారినా వల పదుల మీటర్లు లేస్తుంది, దిగుతుంది. మీ పొర మందమే 70 మీటర్లు. 30 నిమిషాల్లో వల ఎంతసేపు పొరలో ఉందో, ఎంతసేపు దాని నెత్తిన తిరిగిందో ఎవరికీ తెలీదు. వేలెడంత డేటా లాగర్ ఒకటి ఫ్రేముకి కట్టండి, 5 సెకన్లకోసారి రికార్డు చేసేలా పెట్టండి. ఆ గీతని ఎకోగ్రామ్ (సౌండర్ తెర బొమ్మ) మీద పెట్టి చూస్తే సగం ప్రశ్నలు పోతాయి.

గట్టుమీద
వల ఎక్కడుందో వలకి తెలుసు, చేపకి ఇంకా బాగా తెలుసు, తెలియంది ఓడలో వాళ్లకే.

కొలతబద్ద
మధ్యజలం గారు చెప్పింది నిజమే కానీ వల సరిగ్గా పొరలో ఉన్నా పెద్దగా పడేవి కాదేమో. లెక్క చూడండి. 3 నాట్లంటే సెకనుకి 1.54 మీటర్లు. 30 నిమిషాలకి 2,778 మీటర్లు. నోరు 2.5 చదరపు మీటర్లు. వడపోసిన నీళ్లు సుమారు 6,900 ఘనపు మీటర్లు. 23 చేపలంటే వెయ్యి ఘనపు మీటర్లకి 3 పైచిలుకు. వల నోటికి లోపలికొచ్చే నీళ్లు కొలిచే ఫ్లోమీటర్ లేకపోతే ఈ 6,900 కూడా నమ్మకం లేని అంకె. జెల్లీ అంత వచ్చిందంటున్నారు, అది వల కళ్లకి అడ్డం పడితే నీళ్లు లోపలికి రాకుండా నోటి ముందే పక్కలకి తప్పుకుంటాయి. నీళ్లతో పాటు చేపా తప్పుకుంటుంది.

ఇంకోటి, ఇది తెరిచి మూసే వల కాదు. దించేటప్పుడూ నోరు తెరిచే ఉంది, ఎత్తేటప్పుడూ తెరిచే ఉంది. వించ్ నిమిషానికి 40 మీటర్ల చొప్పున చుట్టినా 700 మీటర్లకి 17 నిమిషాల పైనే. ఆ 17 నిమిషాలూ పై నీళ్లలో దొరికింది కూడా మీ 23లో ఉంటుంది. ఎర్ర రొయ్య ఏ లోతుదో, డయాఫస్ ఏ లోతుదో ఈ వలతో చెప్పలేం. మాక్‌నెస్ లాంటి, ఒక్కో లోతులో ఒక్కోటి తెరిచి మూసే వరస వలలు వాడేది అందుకే.

ఉప్పుగాలి
వల చివరి సంచి కన్ను ఎంత?

నీలిబార
10 మిల్లీమీటర్లు.

ఉప్పుగాలి
ముడి నుంచి పక్క ముడికా, కన్ను సాగదీసి కొలిస్తేనా? రెండూ ఒకటి కాదు, కొటేషన్లలో రెండూ కలిపేస్తారు. ముడి నుంచి ముడికి 10 అయితే సాగదీస్తే 20. టెరోటమ్ పెద్దదైనా 7 సెంటీమీటర్లు దాటదు, మామూలుగా దొరికేవి 3 నుంచి 5. 4 సెంటీమీటర్ల చేప ఒళ్లు నిలువున సెంటీమీటరు, అడ్డంగా అందులో సగం. తల దూరిందంటే మిగతాది జారిపోతుంది. నీటి ఒత్తిడి వెనక నుంచి నెడుతుంటే మరీ సులువు. ఆ 4 చేపల చర్మం ఊడిపోయిందన్నారు, కన్నులో ఇరుక్కుని ఈడ్చుకొచ్చినవి అయ్యుండొచ్చు. సంచి లోపల 4 లేదా 5 మిల్లీమీటర్ల ముడిలేని వల లైనింగ్ వెయ్యండి.

నీలిబార
ఇప్పుడే కొలిచా. ముడి నుంచి ముడికే 10. సాగదీస్తే 20.

గట్టుమీద
ఇంకేం, సగం పొర ఆ కళ్లలోంచే వెళ్లిపోయింది.

ప్రతిధ్వని
అందరూ వలని తిడుతున్నారు, సౌండర్ని ఎవరూ అనుమానించట్లేదు. తెర మీద ఎర్రగా ఉన్నంత మాత్రాన ఎక్కువ చేపలని అర్థం కాదు. 38 కిలోహెర్ట్జ్ దగ్గర తిరిగొచ్చే శబ్దంలో చాలా వంతు చేప మాంసం నుంచి కాదు, గాలితిత్తిలోని గ్యాసు బుడగ నుంచి వస్తుంది. ప్రతి బుడగకీ ఒక సొంత స్వరం ఉంటుంది. గుర్తు పెట్టుకోవడానికి సులువైన లెక్క: లోతుని 10తో భాగించి 1 కలపండి, దానికి వర్గమూలం తీసి 3.26తో గుణించండి, వచ్చినదాన్ని బుడగ వ్యాసార్థంతో (మిల్లీమీటర్లలో) భాగిస్తే స్వరం కిలోహెర్ట్జుల్లో వస్తుంది. 300 మీటర్ల దగ్గర అర మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగకి 36 వస్తుంది. అంటే మీ 38 దగ్గర అది గంటలా మోగుతుంది. అంత బుడగ చిన్న చేపలోనూ ఉంటుంది, సైఫనోఫోర్ అనే జెల్లీ తేలుడు బుడగలోనూ ఉంటుంది. సౌండర్‌కి రెండూ ఒకటే.

అందుకే అడుగుతున్నా, ఆ జెల్లీని ఏం చేశారు?

నీలిబార
సగం సముద్రంలోకే పారబోశాం. సగం బకెట్లో ఉంది.

ప్రతిధ్వని
అయ్యో. ఉన్న సగాన్ని నల్ల ట్రేలో కొంచెం కొంచెంగా పోసి, పక్క నుంచి లైటు వేసి చూడండి. వలలో సైఫనోఫోర్ నిలబడదు, ముక్కలైపోతుంది. మీకు కావాల్సింది గాజుముక్కల్లా ఉండే ఈత గంటలు (అది ఈదడానికి వాడే గంట ఆకారపు భాగాలు), ఆవగింజంత తేలుడు బుడగలు. ఒక్కో జంతువుకి తేలుడు బుడగ ఒక్కటే, ఈత గంటలు చాలా. కాబట్టి బుడగలు లెక్కపెట్టండి.

చుక్కలలెక్క
చేపల విషయానికొస్తే ఆ 5 డయాఫసేనని ఎలా అన్నారు? లాంతరు చేపల్లో రంగు, ఆకారం చూసి చెప్పకూడదు, ఒంటి మీది దీపాల (వెలుగునిచ్చే చుక్కల) అమరిక చూడాలి. ఈ రెండింటికీ తొందరగా తేడా చెప్పే చోట్లు ఇవి. తోక మొదట్లో ఉండే దీపాలు బెంథోసీమాకి 2, డయాఫస్‌కి 4. డయాఫస్‌కి రొమ్ము దీపాల వరసలో నాలుగోది మిగతావాటి కంటే బాగా పైకి ఎక్కి ఉంటుంది. భుజం రెక్క పైనున్న దీపం పక్కన మెరిసే పొలుసు ఒకటి ఉంటుంది. దాని ముఖాన కంటి చుట్టూ కూడా దీపాలుంటాయి. ఆ మెరిసే పొలుసు వలలో మొదట రాలిపోయేదే, అది లేదని డయాఫస్ కాదనకండి. పొలుసు ఊడినా చోటు మచ్చలా మిగులుతుంది, తడిగా ఉంచి 10 రెట్ల లెన్సు కింద వాలు వెలుతురులో చూస్తే తెలుస్తుంది. ఆరితే ఏమీ కనపడదు.

టెరోటమ్‌లో మగా ఆడా కూడా తెలుసుకోవచ్చు. తోక మొదట్లో వెలుగు గ్రంథి పైవైపుంటే మగది, కిందివైపుంటే ఆడది. ఇంకా ఎదగని పిల్లల్లో రెండూ ఉండవు.

నీలిబార
తోక దగ్గర 4 ఉన్నాయి ఆ 5కీ. డయాఫసే. చర్మం ఊడిన నాలుగింటికి?

చుక్కలలెక్క
తోక మొదట్లో చర్మం మిగిలితే అక్కడే చూడండి. లేకపోతే ఒటోలిత్ తీయాలి. లాంతరు చేపలకి ఒంటితో పోలిస్తే చెవిరాయి పెద్దది, ఆకారం జాతికో రకం. దాని సంగతి తర్వాత చెప్తా, పెద్ద కథ.

అలసందె
ప్రతిధ్వని గారి వాదన ప్రకారం ఆ పొరంతా జెల్లీయేనా? మరి 10 కోట్ల టన్నుల మాటేంటి?

ప్రతిధ్వని
అంతా జెల్లీ అనలేదు. ఎంత చేపో, ఎంత జెల్లీయో ఒక్క ఫ్రీక్వెన్సీతో విడదీయలేం అంటున్నా. ఇదిగో చేతి లెక్క. పొరలో సగటు ప్రతిధ్వని బలం ఘనపు మీటరుకి మైనస్ 65 డెసిబెల్ అనుకోండి. ఒక్కో చేప ప్రతిధ్వని మైనస్ 60 అనుకుంటే వెయ్యి ఘనపు మీటర్లకి 316 చేపలు. అదే మోగే బుడగ వల్ల ఒక్కో చేప మైనస్ 50 ఇస్తోందనుకుంటే 32 చేపలే. 10 డెసిబెల్ తప్పు పడితే పది రెట్లు తేడా. కొలతబద్ద గారి 6,900 ఘనపు మీటర్లకి మొదటి లెక్కలో 2,180 చేపలు రావాలి, రెండో లెక్కలో 220. వచ్చింది 23. మొదటి లెక్క నిజమైతే వల నూటికి ఒకటి పట్టింది, రెండోది నిజమైతే పది పట్టింది. రెండూ నమ్మదగ్గవే, అదే చిక్కు.

పాతపడవ
10 కోట్ల టన్నుల అంకె 1975–76లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ పరిశోధన ఓడ అరేబియా సముద్రంలో చేసిన సర్వేల దగ్గర మొదలైంది. అవి ప్రధానంగా సౌండర్ సర్వేలే. 1980లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ కోసం యోసెటర్, కవగుచి ప్రపంచం మొత్తానికి వేసిన అంచనా సుమారు 100 కోట్ల టన్నులు, అది ఎక్కువగా వలల మీద ఆధారపడింది. 2014లో మలస్పినా సముద్ర పరిశోధన యాత్ర సౌండర్ డేటాతో వేసిన లెక్క దానికి పది రెట్లు. వల తక్కువ చెప్తుంది, సౌండర్ ఎక్కువ చెప్తుంది, నిజం మధ్యలో ఎక్కడో. మీ 23 చేపల గొడవ కూడా అదే, సైజు చిన్నదంతే.

కొలతబద్ద
మధ్యలోనే ఉందని ఎలా చెప్తారు? వల నుంచి తప్పించుకోవడం ఎంతో తెలిస్తే కదా. 2012లో కార్ట్‌వెట్ బృందం నార్వే దగ్గర టెరోటమ్‌కి అన్న వరస అయిన బెంథోసీమా గ్లేసియాలే మీద చూసింది. వల వస్తుంటే చేపలు పక్కకి తప్పుకోవడం అడుగున పెట్టిన సౌండర్లో కనిపించింది.

మధ్యజలం
నార్వే నీళ్లూ అరేబియా సముద్రం నీళ్లూ ఒకటి కాదు. ఇక్కడ 150 మీటర్ల దగ్గర మొదలై 1,000 మీటర్లు దాటేదాకా ఆక్సిజన్ లీటరుకి అర మిల్లీలీటరు కన్నా తక్కువ, నడిమి భాగంలో 0.1 కూడా ఉండదు. టెరోటమ్ పగలంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. వేటాడే పెద్ద చేపలు అక్కడ ఎక్కువసేపు నిలవలేవు, దీనికి అదే ఇల్లు. ఈదడం దాదాపు ఆపేసి, ఒంటి ఖర్చు తగ్గించుకుని కాలక్షేపం చేస్తుంది. అంత మందకొడి చేప 3 నాట్ల వలని చూసి పరుగెత్తుతుందా?

కొలతబద్ద
మందకొడిదైనా గుడ్డిది కాదుగా. తల మీద ఎక్కువ భాగం కన్నే. వల కదిలేటప్పుడు అడ్డొచ్చిన వెలిగే ప్లాంక్టన్ అంతా మెరుస్తుంది, వల నోటి చుట్టూ దీపాల తోరణం కట్టినట్టు. మీ నోరు 2.5 చదరపు మీటర్లు, అంటే మధ్యలో ఉన్న చేప కూడా మీటరు లోపు పక్కకి జరిగితే చాలు. 4 సెంటీమీటర్ల చేపకి మీటరంటే 25 ఒళ్ల పొడవులు. సెకనుకి 5 ఒళ్లు చొప్పున ఈదినా 5 సెకన్లు. వల 8 మీటర్ల దూరంలో ఉండగా మెరుపు చూస్తే సరిపోతుంది.

మధ్యజలం
ఆ వేగం ఆక్సిజన్ లేని నీళ్లలో 5 సెకన్లు నిలుపుతుందా అన్నదే నా అనుమానం. అయినా ఒప్పుకుంటా, చిన్న నోటి వలకి ఆ మాత్రం చాలు.

కోపెపాడ్
ఆ 0.1 అంకె వాడేటప్పుడు యూనిట్ చూసుకోండి. లీటరుకి 1 మిల్లీలీటరు అంటే సుమారు 44.6 మైక్రోమోల్. కొత్త సెన్సార్లు కిలోకి మైక్రోమోల్లో ఇస్తాయి, పాత పట్టికలు మిల్లీలీటర్లలో. 4.5 చూసి 'బాగానే ఉందే' అనుకున్నారంటే అది 0.1 మిల్లీలీటరే. సెన్సార్‌కి ఆలస్యం కూడా ఉంటుంది. నీటి పొర ఒక్కసారిగా మారే 100 నుంచి 200 మీటర్ల మధ్య సెకనుకి అర మీటరు మించకుండా దించండి, లేకపోతే పొర అంచు నిజంగా ఉన్నదానికన్నా కింద కనిపిస్తుంది.

తూర్పుగాలి
బంగాళాఖాతంలో ఈ చేప ఉందా? అందరూ అరేబియా అనే అంటున్నారు.

పాతపడవ
ఉంది. అసలు ఈ చేపకి 1890లో సహజశాస్త్రవేత్త ఆల్కాక్ పేరు పెట్టింది బంగాళాఖాతం సేకరణల నుంచే, ఇన్వెస్టిగేటర్ ఓడ రోజుల్లో. ఇది నడి సముద్రపు చేప కాదు, ఖండపు వాలుని అంటిపెట్టుకుని ఉంటుంది. అడుగు 4,000 మీటర్లున్న చోట వెతికితే దొరకదు.

కోపెపాడ్
బంగాళాఖాతంలోనూ తక్కువ ఆక్సిజన్ పొర ఉంది కానీ అరేబియాలో అంత పూర్తిగా ఖాళీ కాదు, ఆనవాలుగా కాస్త మిగులుతుంది. నదుల మంచినీళ్లు పైన మూతలా కప్పడం వల్ల కింది పోషకాలు పైకి రావడం తక్కువ, మేత కూడా తక్కువ.

నీలిబార
మళ్లీ నా బకెట్ దగ్గరికి. నల్ల ట్రే వేసి చూశా. తేలుడు బుడగలు 31 దొరికాయి. అదీ సగం జెల్లీలోనే. వ్యాసార్థం కొలిస్తే ముప్పావు నుంచి ఒక మిల్లీమీటరు. మీ లెక్కలో పెడితే 18 నుంచి 24 కిలోహెర్ట్జ్ వస్తోంది, 38 రావట్లేదు. అంటే జెల్లీ కాదన్నమాటేగా?

ప్రతిధ్వని
తొందరపడకండి. పైన కొలిచిన బుడగ కింద ఉన్న బుడగ కాదు. 300 మీటర్ల దగ్గర ఒత్తిడి 31 రెట్లు. పైకొస్తే గ్యాసు 31 రెట్లు ఉబ్బుతుంది, వ్యాసార్థం మూడింతలవుతుంది. ఈ రకం జంతువుల్లో కొన్నిటికి బుడగకి రంధ్రం ఉంటుంది, ఎక్కువైన గ్యాసు అక్కడి నుంచి వదిలేస్తాయి. ఎంత వదిలిందో, ఎంత సాగిందో తెలీదు. కాబట్టి సంఖ్యని నమ్మండి, సైజుని కాదు. 23 చేపలకి కనీసం 31 జెల్లీలు, పారబోసిన సగంతో కలిపితే 60. మీ ఎర్ర పొరలో వాటి వాటా చిన్నదేం కాదు.

చేపలకీ ఇదే వర్తిస్తుంది. గాలితిత్తి పైకొచ్చేసరికి పగిలిపోతుంది. పైగా కొన్ని లాంతరు చేపల్లో పెద్దయ్యాక గ్యాసు పోయి తిత్తిలో కొవ్వు చేరుతుంది, అవి సౌండర్‌కి దాదాపు కనిపించవు.

అలసందె
అంటే కనిపించేవి వలలో పడవు, వలలో పడ్డవి కనిపించవు. బాగుంది.

నీలిబార
మరుసటి ప్రయత్నం ఎలా చేయాలి?

ప్రతిధ్వని
రాత్రి. పొర చీకటి పడగానే లేచి పై 100 మీటర్లలోకి వస్తుంది. అక్కడ 120, 200 కిలోహెర్ట్జ్ కూడా అందుతాయి. పగలు 300 దగ్గర 120 గోలలో కలిసిపోతుంది. పైకొచ్చాక ఆ అర మిల్లీమీటరు బుడగ స్వరం 20 మీటర్ల దగ్గర 11కి పడిపోతుంది, 38లో మోత ఉండదు, లెక్క నిజానికి దగ్గరవుతుంది. 38లోనూ 120లోనూ పక్కపక్కన చూడండి, చేప గుంపూ క్రస్టేసియన్లూ (రొయ్యల లాంటివి) వేరుగా తెలుస్తాయి.

మధ్యజలం
సూర్యాస్తమయం తర్వాత గంటన్నర ఆగండి. లేచే వేగం నిమిషానికి 4 మీటర్లనుకుంటే 250 మీటర్లకి గంట పైనే పడుతుంది. మధ్యలో వల వేస్తే పొర మీకన్నా ముందు కదిలిపోతుంది. పున్నమి రాత్రులు వద్దు, పొర లోతుగా ఆగిపోతుంది. డెక్ మీది ఫ్లడ్ లైట్లు ఆర్పండి, వాటికే పొర దిగిపోవడం తెర మీద కనిపిస్తుంది.

ఉప్పుగాలి
లైనింగ్ మర్చిపోవద్దు. లాగడం 15 నిమిషాలు చాలు. ఎక్కువసేపు లాగితే సంచిలో ఒకదాన్నొకటి రాసుకుని దీపాలన్నీ పోతాయి, తర్వాత చుక్కలలెక్క గారు మిమ్మల్ని తిడతారు.

చుక్కలలెక్క
తిడతా. ఇప్పుడు భద్రపరచడం. వరస ముఖ్యం. మొదట కండ ముక్క బఠాణీ గింజంత కోసి 95 శాతం ఇథనాల్లో వెయ్యండి, డీఎన్ఏ కోసం. తర్వాత కొన్నిటికి ఒటోలిత్ తీయండి. ఆ తర్వాతే ఫార్మలిన్. అంగడి ఫార్మలిన్ 1 వంతు, సముద్రపు నీళ్లు 9 వంతులు. కలిపిన ద్రావణం లీటరుకి 2 నుంచి 4 గ్రాముల బోరాక్స్, పీహెచ్ 8 దగ్గర ఉండాలి. జాడీలో చేపలు మూడో వంతు మించకూడదు. కొన్ని రోజులయ్యాక నీళ్లలో కడిగి, ఒకేసారి కాకుండా మెట్లుగా 70 శాతం ఇథనాల్లోకి మార్చండి, లేకపోతే ఒళ్లు ముడుచుకుని దీపాల వరస వంకరపోతుంది. లేబుల్ మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి జాడీ లోపల వెయ్యండి. బాల్ పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగి చేపని కూడా నీలం చేస్తుంది.

నీలిబార
ఒక తప్పు జరిగింది. ఆ చర్మం ఊడిన నాలుగూ అన్నిటితో పాటు ఫార్మలిన్లో వేసేశాం. ఒటోలిత్ తీయలేదు.

చుక్కలలెక్క
ఎన్ని గంటలైంది? బోరాక్స్ వేశారా?

నీలిబార
20 గంటలు. వేయలేదు.

చుక్కలలెక్క
ఇది చదవడం ఆపి ఇప్పుడే తీయండి. ఒటోలిత్ కాల్షియం కార్బొనేట్, ఆమ్ల ఫార్మలిన్లో బయటి నుంచి కరుగుతూ వస్తుంది. ముందు పోయేది అంచు రింగులు, అంటే చివరి రోజుల వయసు. ఈ చేప బతికేదే ఏడాది లోపు, రోజుకో రింగు, అందులో అంచు పోతే వయసు లెక్కకి పనికిరాదు. ఆకారం మిగిలితే జాతి మాత్రం చెప్పొచ్చు. తలని కంటి వెనక నుంచి పై పలక ఎత్తినట్టు అడ్డంగా కోయండి, మెదడు పక్కకి తోస్తే రెండు వైపులా తెల్లగా పప్పుబద్దల్లా కనిపిస్తాయి. మెత్తటి ఫోర్సెప్స్‌తో తీసి మంచినీళ్లలో కడిగి ఆరబెట్టండి. మళ్లీ ఏ ద్రవంలోనూ వేయొద్దు.

నీలిబార
రెండు చేపలవి తీశా. ఒకదాని జత బాగానే ఉంది, అంచు కాస్త సుద్దలా. రెండోదాని ఎడమది పట్టుకుంటే పొడైపోయింది.

చుక్కలలెక్క
కుడిది ఫోర్సెప్స్‌తో ముట్టకండి, తడి బ్రష్ మొనతో ఎత్తండి. మిగతా రెండూ కూడా ఇప్పుడే.